పాత వేట తుపాకి చెప్పు సాక్ష్యము

పాత ఇండ్లలో పని లేక మిగిలిపోయిన వస్తువులు కొన్ని ఉండును. నిలిచిపోయిన గోడగడియారము, చెదపట్టిన పల్లకి, మూత సరిగా పడని భోషాణము మొదలగునవి అట్టివి. వానితోపాటు కొన్ని ఇండ్లలో తోలుపెట్టెలో ఒక వేట తుపాకియు ఉండును. దానిని పేల్చువారు లేరు, పారవేయుటకు మనసొప్పదు. దానిని గూర్చి ఇంటిలో ఒక కథ మాత్రము తరతరములుగా నడచుచుండును.

మా బంధువర్గములోని ఒక ఇంట నిట్టి తుపాకి ఒకటి కలదు. అది రెండు గొట్టముల బరువైన రైఫిలు. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవముల నాడు ఒక దొర దానిని తమ ముత్తాతగారికి బహూకరించెనని ఆ ఇంటివారు చెప్పుకొనుచు వచ్చిరి. పెండ్లికి వచ్చినను పేరంటమునకు వచ్చినను చుట్టములకు దానిని చూపుట అక్కడి ఆచారము. కొన్ని యేండ్ల క్రిందట ఆ ఇంటి కుఱ్ఱవాడొకడు తుప్పుపట్టిన ఆ తుపాకిని చూచి జాలిపడి, రెండు మూడు దినములు ఉప్పుకాగితముతో రుద్ది, వెండిగిన్నె వలె మెరయునట్లు చేసెను. ఆ రుద్దుటలో గొట్టముల మీది పేరు పోయెను. మీటకు కాపుగా నుండు ఇనుపకమ్మి మీది సంఖ్యయు పోయెను. చూచినవారందరును బాగున్నదని మెచ్చుకొనిరి. ఆనాడు మెచ్చుకొన్నవారిలో మేమును ఒకరము.

ఆ మెరుపు కొరకు ఎంత మూల్యము చెల్లించితిమో మాకు తరువాతగాని తెలియలేదు. అది ఎట్లు తెలిసినదో శ్రోతలకు చెప్పదలచితిమి. తుపాకిని గుర్తించుట, తుపాకిని బాగుచేయుట అనునవి రెండు వేరు పనులు. మొదటిది ముగియక ముందు రెండవదానికి చేయి పెట్టినచో, మొదటిది ఎన్నటికిని ముగియదు. మేము నేర్చుకొన్న పాఠము ఇదియే.

తుపాకిని చేతికి తీసికొన్నవారు మొదట చూచునది గొట్టము మీద చెక్కిన పేరు. ఆ పేరును చూచి, చేసినవాడు వాడేయని అనుకొనుట సహజము. అది ఎల్లప్పుడును నిజము కాదు. ఇంగ్లండులో లండను, బర్మింగ్‌హాము అను రెండు నగరములు తుపాకుల పనికి ప్రసిద్ధి గాంచినవి. బర్మింగ్‌హాములో గొట్టము ఒకరు, తాళము ఒకరు, కొయ్యభాగము ఒకరు చేసి కూర్చిన తుపాకులు అనేకము వ్యాపారుల పేర్లతో దేశదేశములకు పోయెను. మన దేశమున కలకత్తాలోని మాంటన్ కంపెనీ, రోడ్డా కంపెనీ ఇట్టి అమ్మకములకు పేరు పొందినవి. రోడ్డా కంపెనీ పేరు మన స్వాతంత్ర్య చరిత్రలోను కలదు. 1914 ఆగస్టు 26వ తేదీన వంగదేశ విప్లవకారులు ఆ కంపెనీకి వచ్చిన సరకులో నుండి 50 మౌజర్ పిస్తోళ్ళను, వాని తూటాలను ఎత్తుకొనిపోయిరి. కనుక గొట్టము మీది పేరు అమ్మినవానిది కావచ్చును, చేసినవానిది కావచ్చును. దాని నొక్కదానిని నమ్మి తీర్పు చెప్పరాదు.

పేరుకన్న నమ్మదగిన సాక్షులు గొట్టము అడుగున, సామాన్యముగా కంటికి కనబడని చోట ఉండును. అవి పరీక్షాముద్రలు. ఇంగ్లండులో తుపాకిని అమ్మకమునకు పెట్టుటకు ముందు పరీక్షాగృహమునకు పంపవలెను. అక్కడ మామూలు తూటాకన్న ఎక్కువ బలము గల మందుతో దానిని పేల్చి చూతురు. గొట్టము నిలిచినచో కిరీటముతో కూడిన ముద్రలు కొట్టుదురు, నిలువనిచో తిరుగగొట్టుదురు. లండనులో ఈ పని చేయు తుపాకి పనివారి సంఘమునకు 1637లో రాజశాసనము లభించెను. బర్మింగ్‌హాము పరీక్షాగృహము 1813లో ఏర్పడెను. రెండు చోట్ల ముద్రలు రెండు రకములు. అంతేకాదు, పరీక్షల నియమములు 1904లోను, 1925లోను, 1954లోను మారినవి. నియమములు మారినప్పుడు ముద్రలును మారినవి. కావున ముద్రల నెరిగినవాడు, ఈ గొట్టము ఏ ఊర పరీక్షింపబడినది, ఏ కాలమునకు ముందుది, ఏ కాలమునకు తరువాతది అని చెప్పగలడు.

ఈ ముద్రలు చరిత్ర కొరకు మాత్రమే కాదు, ప్రాణరక్షణ కొరకును కావలెను. పూర్వము తుపాకిమందు అనగా సురేకారము, గంధకము, బొగ్గు కలిపిన నల్లని పొడి. 1889లో కార్డైట్ అను పొగలేని మందు ఇంగ్లండులో కనిపెట్టబడెను. దాని ఒత్తిడి చాల హెచ్చు. ఒకే కొలత గల తూటాలు పాతమందుతోను, క్రొత్తమందుతోను తయారైన కాలము ఒకటి ఉండెను. పాతమందు కొరకు చేసిన గొట్టములో క్రొత్తమందు తూటా చక్కగా ఇమిడిపోవచ్చును. పేల్చినప్పుడు గొట్టము పగిలి, పట్టుకొన్న చేయియే పోవచ్చును. ఏ మందునకు తగినదో చెప్పునది ఆ ముద్రయే. దానిని ఉప్పుకాగితముతో చెరిపినవాడు మందుసీసా మీద విషమని వ్రాసిన చీటీని చించివేసినవానితో సమానుడు.

ఇక మూడవ సాక్షి గొట్టము లోపలి కొలత. ఇంగ్లీషువారు దానిని అంగుళములో వేయవ వంతులతో లెక్కింతురు. .450 అనగా వేయింట 450 వంతులు. పెద్ద జంతువుల వేటకు కార్డైట్ మందుతో .450 రైఫిలును లండనులోని రిగ్బీ కంపెనీవారు 1898లో తెచ్చిరి. అది భారతదేశమున ఎంతో ప్రచారము పొందెను. అయితే 1871లో బ్రిటిషు సైన్యము స్వీకరించిన మార్టినీ-హెన్రీ తుపాకి గుండును ఇంచుమించు అదే వ్యాసము కలది. ఆ పాత సైనిక తుపాకులు తిరుగుబాటుదారుల చేతులలో ఉండెను. వేటగాండ్ర గుండ్లు వారికి చేరునేమోయను భయముతో, 20వ శతాబ్ది మొదటి దశకములో ప్రభుత్వము .450 తుపాకులను ఈ దేశమునకు రానీయక నిషేధించెను. వ్యాపారము ఊరకుండదు గదా! .465, .470, .475, .476 అని క్రొత్త కొలతల రైఫిళ్ళు ఈ దేశపు అంగళ్ళను నింపినవి. జంతువును చంపుశక్తిలో వానికిని .450కిని చెప్పుకోదగిన భేదము లేదు. భేదమంతయు ప్రభుత్వము భయములో నున్నది. పరిపాలకుల భయము కూడ గొట్టము లోపల కొలతయై నిలిచిన తీరు ఇది.

మా బంధువుల తుపాకి మాట ఇప్పుడు చెప్పవలెను. మీది పేరు, సంఖ్య పోయినను, ముందు కొయ్యను విప్పి చూడగా గొట్టముల అడుగున, ఉప్పుకాగితము చేరని చోట, కొలతయు మందు తూకమును తెలుపు అక్షరములు మిగిలియుండెను. .470 కొలత, 75 గ్రెయినుల కార్డైట్, 500 గ్రెయినుల గుండు. అనగా గుండు ఒక్కటియే రెండు ముప్పాతిక తులముల బరువు. కార్డైట్ పెద్ద రైఫిళ్ళకు మార్గదర్శియైన .450 పుట్టినదే 1898లో. దాని తరువాత వచ్చిన .470 రైఫిలు 1897 ఉత్సవములలో ఎవ్వరికిని బహుమానముగా దొరకుట అసంభవము. ఇంటివారు చెప్పుకొన్న తేదీ తప్పు.

ఈ మాట చెప్పినప్పుడు ఆ ఇంటి పెద్దావిడ ముఖము చిన్నబుచ్చుకొన్నది. “అయితే మా మామగారు అబద్ధమాడినారంటారా?” అని ఆమె అడిగెను. అట్లనుట మా ఉద్దేశము కాదు. తేదీ తప్పైనంత మాత్రమున బహుమానము అబద్ధము కానక్కరలేదు. రాణి ఉత్సవములు ఒకప్పుడు, దొర ఇచ్చిన తుపాకి మరియొకప్పుడు అయి, రెండును ఒక జ్ఞాపకములో కలిసిపోవచ్చును. ఆ సంగతి తేల్చగలది వరుససంఖ్య ఒక్కటే. పేరుమోసిన లండను కంపెనీలు కొన్ని తాము చేసిన ప్రతి తుపాకిని సంఖ్యతో సహా పద్దుపుస్తకములలో ఎక్కించెడివి. ఎప్పుడు చేసిరి, ఎవరికి అమ్మిరి అను వివరములు వానిలో ఉండును. కొన్ని కంపెనీల పుస్తకములు నేటికిని భద్రముగా నున్నవి. సంఖ్య చెప్పినచో వెదకి చెప్పుదురు. ఆ పెద్దావిడ ప్రశ్నకు సమాధానము అట్టి పుస్తకమున ఏదో ఒక పుటలో ఉండియుండవచ్చును. ఆ పుటను చూపు సంఖ్య మాత్రము ఉప్పుకాగితపు పొడితో పాటు చెత్తలోనికి పోయినది.

సాక్ష్యము చెడక నిలిచిన తుపాకి ఎంత చెప్పగలదో తెలియుటకు ప్రసిద్ధమైన ఒక ఉదాహరణ కలదు. అది జిమ్ కార్బెట్ గారి .275 రిగ్బీ రైఫిలు. పేరునకు అది లండను రైఫిలు. కాని దాని యంత్రభాగము జర్మనీలోని ఓబెర్న్‌డార్ఫ్ పట్టణమున మౌజర్ కంపెనీ చేసినది. దాని తూటాయు జర్మనీలో పుట్టిన 7 మిల్లీమీటర్ల సైనిక తూటాయే. రిగ్బీవారు దానికి అంగుళముల లెక్కలో.275 అని పేరు పెట్టిరి. పేరు ఒక దేశమునది, గుండె మరియొక దేశమునది. గొట్టము మీది పేరునే నమ్మరాదని మేము పైన చెప్పినదానికి ఇంతకన్న మంచి నిదర్శనము అక్కరలేదు.

ఆ రైఫిలు కొయ్యకు ఒక వెండిరేకు కలదు. 1907లో చంపావత్ వద్ద మనుషులను తిను ఆడపులిని చంపినందులకు గుర్తింపుగా, సంయుక్త రాష్ట్రముల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జె. పి. హ్యూయెట్ దీనిని కార్బెట్‌కు బహూకరించినట్లు దాని మీద చెక్కియున్నది. దీనిని చూచినవారు పలువురు, చంపావత్ పులిని చంపిన రైఫిలు ఇదియేయని తలతురు. రేకు మీది మాట అది కాదు. పులిని చంపినందులకు ఇచ్చిన బహుమానము, పులిని చంపిన ఆయుధము ఎట్లగును? 1944లో వెలువడిన తన “మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమాయూన్” గ్రంథమున కార్బెట్ ఆ దినమున తన చేత నున్నది .500 రైఫిలని స్పష్టముగా వ్రాసెను. అతని వద్ద మూడు తూటాలే ఉండెను. అవి అయిపోగా, పరుగున పోయి అక్కడి తహసీల్దారు చేతి తుపాకిని తీసికొనెను. ఆ తుపాకి గొట్టములకు, వెనుక దిమ్మెకు నడుమ అంగుళములో మూడు ఎనిమిదవ వంతుల సందు ఉండెనట! తెరచిన పులి నోటికి గురిపెట్టిన గుండు పోయి దాని కాలికి తగిలెను. మొదటి గాయములతోనే పులి అప్పటికి కొనయూపిరితో ఉండెను గనుక సరిపోయినది. లేకున్న ఆ సందే కార్బెట్ ప్రాణము తీసియుండును.

ఆ పులి నేపాళమున 200 మందిని, కుమాయూనులో 234 మందిని పొట్టబెట్టుకొన్నదని కార్బెట్ వ్రాసిన లెక్క. చివరిగా బలియైనది పదునారు పదునేడేండ్ల పడుచు. తరువాత నైనితాల్ దర్బారులో గవర్నరు తహసీల్దారునకు ఒక తుపాకిని, కార్బెట్ వెంట నడచిన గ్రామస్థునకు ఒక వేటకత్తిని బహూకరించెనని ఆ గ్రంథమే చెప్పుచున్నది. బహుమతులు పొందినవారి సంగతి వెండిరేకుల మీదను పుస్తకములలోను నిలిచినది. కట్టెలకు, గడ్డికి అడవికి పోయి తిరిగి రాని ఆ ఆడువారి పేర్లు ఏ రేకు మీదను లేవు. తుపాకి సాక్ష్యము నమ్మదగినదే. కాని అది ఇచ్చినవారి సాక్ష్యము, పుచ్చుకొన్నవారి సాక్ష్యము. ఈ మాట మరచి చదివినచో చరిత్ర సగమే చదివినట్లు.

కార్బెట్ 1947లో ఈ దేశము విడిచి కెన్యాకు పోయి, 1955లో అక్కడనే మరణించెను. రైఫిలు ఆయన గ్రంథములను ప్రచురించిన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌వారికి చేరెను. 2015లో రిగ్బీ కంపెనీవారే దానిని తిరిగి సంపాదించి, 2016లో భారతదేశమునకు తెచ్చి, కార్బెట్ నివసించిన ప్రాంతపు ప్రజలకు చూపిరి. ఆ రేకును, ముద్రలను ఎవరైనను మెరుగు పెట్టి అరగదీసియున్నచో, అది వేలకొలది రైఫిళ్ళలో ఒకటిగా మిగిలియుండెడిది.

మన హైదరాబాదునకును ఈ వేటల చరిత్రలో స్థానము కలదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ వేటలను ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ చిత్రములు తీసెను. అట్టి పాత చిత్రములలో మనుషుల చేతులలోని తుపాకులు కూడ స్పష్టముగా కనబడును. ఇంటిలో తుపాకితోపాటు తాతగారి ఛాయాచిత్రము ఉన్నచో దానిని పారవేయరాదు. తోలుపెట్టె మూత లోపల అంటించిన వ్యాపారి చీటీ, పాత లైసెన్సు కాగితము, తూటాల ఖాళీ డబ్బా, ఇవన్నియు సాక్షులే. 1878 ఆయుధముల చట్టము ప్రకారము భారతీయుడు తుపాకి ఉంచుకొనుటకు లైసెన్సు పొందవలసియుండెను. ఐరోపావారికి మాత్రము మినహాయింపు ఉండెను. కనుక తాతగారి లైసెన్సు కాగితము, ఆ ఇంటికి ఆనాటి ప్రభుత్వముతో గల సంబంధమును తెలుపు పత్రము.

ఇక బాగుచేయుట. ఇందు మొదటి సూత్రము, చేసిన పనికన్న మానిన పని ఎక్కువగా నుండవలెను. తుపాకి ఖాళీగా నున్నదో లేదో లైసెన్సు గల పనివానిచేత చూపించుట అన్నిటికన్న ముందు. పిమ్మట ప్రతి ముద్రను, ప్రతి సంఖ్యను ఛాయాచిత్రము తీసి, కాగితము మీద వ్రాసికొనవలెను. ఆ తరువాతనే మరమేకుల మీద చేయి వేయవలెను. మంచి తుపాకి మరమేకుల గాడి చాల సన్నము. అంగడిలో దొరకు స్క్రూ డ్రైవరు దానికి సరిపడదు. జారి, చెక్కడమును గీకును. ఎరిగిన పనివాడు ఒక్కొక్క గాడికి తగినట్లు తన పనిముట్టు అంచును అరగదీసికొని, నూనె వేసి, ఒక రాత్రి ఆగి, మరునాడు తిప్పును.

తుప్పు విషయమున ఒక సంగతి గమనింపదగినది. పాత తూటాల అడుగున నిప్పు పుట్టించు మందు కాలిన పిదప గొట్టములో ఒక విధమైన ఉప్పు మిగులును. అది గాలిలోని తేమను పీల్చి ఉక్కును తినును. నూనె ఆ ఉప్పును కరిగింపదు, నీరు కరిగించును. అందువలననే అనుభవజ్ఞులైన వేటగాండ్రు వేట ముగియగానే గొట్టములో మరిగిన నీరు పోసి, ఆరబెట్టి, పిదప నూనె పూసెడివారు. ఆ శ్రద్ధ చూపని ఇండ్ల తుపాకులు బయట మెరయుచు లోపల గుంటలు పడియుండును. బయటి తుప్పునకు ఉప్పుకాగితము, ఆకురాయి పనికిరావు. నూనెలో నాననిచ్చి, ఉక్కుకన్న మెత్తనిదైన రాగినాణెము అంచుతో మెల్లగా గీకినచో తుప్పు మాత్రమే ఊడును. ఉక్కు మిగులును, ముద్ర మిగులును.

గొట్టముల మీది నల్లని నీలిరంగు పూత కాదు. అదియు ఒక విధమైన తుప్పే. పనివాడు ఉక్కును కావలెనని సన్నగా తుప్పుపట్టించి, నీటిలో ఉడికించును. ఎఱ్ఱని తుప్పు నల్లబడును. దానిని కుంచెతో దువ్వి, మరల తుప్పుపట్టించి, మరల ఉడికించును. ఇట్లు పలుమార్లు చేయగా ఆ రంగు వచ్చును. చెరపు తుప్పునే కాపు తుప్పుగా మార్చు విద్య ఇది. చేతులు తగిలి తగిలి ఆ రంగు పలుచబడిన చోట్లు తుపాకి మోసినవాని గుర్తులు. వానిని కప్పి క్రొత్తరంగు వేయించుట, వృద్ధుని ముఖమునకు సున్నము పూయుట వంటిది. కొయ్య సామాన్యముగా అక్రోటు కొయ్య. దానిపై వార్నీషు పూయరాదు. అవిసెనూనెను కొద్దికొద్దిగా అరచేతితో రుద్దినచో చాలును. నొక్కులు పడిన చోట తడిబట్ట వేసి, వేడి ఇస్త్రీపెట్టె తాకించినచో ఆవిరికి కొయ్య ఉబ్బి పైకి లేచును. లోతైన గీతలను మాత్రము వదలివేయవలెను. ఒక భాగము మార్చక తప్పనిచో, తీసిన భాగమును పారవేయక తుపాకితోనే భద్రపరచవలెను.

ఈ పనులు ఎవరికి వారు చేసికొనదగినవి కావు. 1962లో అమలునకు వచ్చిన 1959 ఆయుధముల చట్టము ప్రకారము తుపాకి ఉంచుకొనుటకే గాక, వృత్తిగా బాగుచేయుటకును లైసెన్సు కావలెను. అటకమీద తుపాకి కనబడినచో మొదట పోవలసినది పోలీసు ఠాణాకు. పనివాని వద్దకు తరువాత. ఇక వేట మాట తలపెట్టనే వలదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ అధ్యాయము ముగిసినది. ఏ పులులను చంపుటకు ఈ తుపాకులు సముద్రములు దాటి వచ్చినవో, ఆ పులులను కాపాడుటకు 1973లో కార్బెట్ పేరు గల వనముననే ప్రాజెక్టు టైగర్ ప్రారంభమైనది. తుపాకి నేడు మరల పేలుటకు కాదు, సాక్ష్యము చెప్పుటకు బ్రతుకవలెను.

మా బంధువుల ఇంట ఆ రైఫిలు చట్టప్రకారము లైసెన్సుతో తన పెట్టెలోనే ఉన్నది. ఈసారి దానికి మేము చేయించిన పని కొంచెమే. మిగిలిన తుప్పు ఆగునట్లు లైసెన్సు గల పనివాడు నూనె పూసెను. గొట్టముల అడుగున మిగిలిన అక్షరములను మేము కాగితము మీద ఎక్కించి పెట్టెలో ఉంచితిమి. ఆ కాగితమున ఇంటివారి కథయు వ్రాసితిమి. అందు తేదీ ఎందుకు కుదరదో కూడ వ్రాసితిమి. ఉప్పుకాగితముతో రుద్దిన కుఱ్ఱవాడు, ఇప్పుడు ఇరువురు బిడ్డల తండ్రి, తానే ఆ కాగితము క్రింద తాను చేసిన పనిని రెండు పంక్తులలో వ్రాసి సంతకము పెట్టెను. ఆ పెద్దావిడ కాగితమంతయు చదివించుకొని విని, “ఇది కూడ కథలో చేరవలసినదే” అని పెట్టె మూత వేసినది.